రెండో గుటక

కుతైసీ ఆసుపత్రి మూడో అంతస్తులో
నా ఉద్యోగం గొంతులకు చెవి ఒగ్గడం.
స్టెతస్కోపు మెడ మీద ఆనిస్తాను.
మంచి గుటక టక్కుమంటుంది, తలుపు గడియ పడ్డట్టు.
చెడ్డది
బురదలోంచి బూటు లాగినట్టు.

ఎల్గుజా ఈ ఊరికి తమాదా.
పెళ్లి విందైనా చావు విందైనా
బల్ల కొసన నిలబడి పాత్ర ఎత్తి మాట చెప్పేవాడు.
ఆ మాట ముగిసేదాకా ఎవరూ చుక్క ముట్టకూడదు.
నలభై ఏళ్లు జనం దాహమంతా
ఆయన నాలుక చివర వేలాడింది.

ఫిబ్రవరిలో మెదడులో ఎక్కడో ఒక నరం చిట్లింది.
మాట ముద్దగా మిగిలింది,
ముద్ద మాత్రం దిగదు.
అన్నిటికంటే నీళ్లే పగవాళ్లు.
తలుపు పడేలోపే
దొంగల్లా ఊపిరి వైపు జారుకుంటాయి.

పొలమారితే ఎవరో తలుచుకున్నారంటారు.
ఈ గదిలో ఆ మాట చెల్లదు,
ఇక్కడ తలుచుకునేది న్యుమోనియా.

గడ్డం ఛాతీకి దించండి.
మింగండి.
అయిపోయిందనుకోకండి, మళ్లీ మింగండి.
ఇప్పుడు "ఆ" అనండి.
ఆ "ఆ" తడిగా వినిపిస్తే చెంచా పక్కన పెట్టేస్తాను.
పొడి కలిపి చిక్కబరిచిన నీళ్లు చూసి
"గోడకు కాగితాలు అతికిద్దామా?" అన్నాడొకసారి.
నవ్వబోయి దగ్గాడు.
పది నిమిషాలు దగ్గాడు.

పక్క గదిలో బర్బారే, నాలుగేళ్లది.
ఇరవయ్యారో వారానికే తొందరపడి పుట్టింది.
పొట్టకు గొట్టం.
భోజనమంటే దానికి రోజుకు ఐదుసార్లు పంపు చేసే రొద.
నోరంటే
ఎవరెవరో ఏవేవో దూర్చిన చోటు.

మొదటి నెలంతా దాని గుడ్డ ఎలుగుబంటికే తినిపించాం.
తర్వాత మత్సోని పెరుగులో వేలు ముంచి
బల్ల మీద రోడ్లు గీసింది.
ఒకరోజు ఆ వేలు పెదవికి తగిలి
నా చొక్కా అంతా వాంతి.
వాళ్లమ్మ ఇర్మా రోజూ తలుపు దగ్గరే అడుగుతుంది:
తిన్నదా?
వాసన చూసిందంటాను.
అది కూడా తేదీ వేసి రాసుకుంటుంది.

అక్టోబరులో, ద్రాక్ష తొక్కే వారం,
ఎల్గుజా చెల్లెలు నతేలా పెలముషి తెచ్చింది.
కొత్త ద్రాక్షరసం, పిండి పోసి ఉడికించింది, ఇంకా గోరువెచ్చన.
చెంచా వంచి లెక్కపెట్టాను.
జారలేదు, సాగలేదు, మెల్లిగా ఒరిగింది.
మేం కొలతగ్లాసులతో తంటాలు పడే చిక్కదనం
ఆమె ఏ కొలతా లేకుండా వండుకొచ్చింది.

తలుపు తీసే ఉంది.
బర్బారే ఎప్పుడొచ్చిందో
ఆ ఊదారంగు పళ్లెం వైపు కన్నార్పకుండా చూస్తోంది.
నతేలా పళ్లెం కిందికి దించింది.
వేలు మునిగింది.
ఎంగిలి అని నేననలేదు.

ఎల్గుజా చెంచా ఎత్తాడు, పాత్ర ఎత్తినట్టే.
పాత అలవాటు, గది అంతా ఆగింది.
చాలాసేపు వెతుక్కుని
"ఈ చిన్నదానికి," అన్నాడు,
"గౌమర్జోస్."
పొడిగా ఉంది గొంతు.
అది వేలు ఎత్తింది, ఆయనకేసి చూస్తూ.

చప్పట్లు కొట్టకూడదు.
కొడితే పిల్ల మళ్లీ నోరు మూసేసుకుంటుంది.
అందుకని కిటికీలోంచి రియోనీ నదిని
ఎన్నడూ చూడనట్టు చూశాను.
వెనక ఆయన గుటక. రెండో గుటక.
ఆ తర్వాత ఇంకొకటి, చాలా చిన్నది,
విన్నానో, విన్నాననుకున్నానో.

చార్టులో రాశాను:
ఎల్గుజా, ఆరు చెంచాలు, దగ్గు లేదు.
బర్బారే, వేలి కొనంత.
మర్నాడు అది పళ్లెం కిందికి తోసేసింది.
అదీ రాశాను.

ఆ మొదటి రాత్రి ఇంటికెళ్లి
గ్లాసుడు నీళ్లు గటగటా తాగబోయి
ఆగిపోయాను,
బల్ల కొసన ఎవరో
ఇంకా మాట ముగించనట్టు.